జాడీ మీద మూత: కొంకణ్ యూదుల పస్కా

బైబిలులోని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో, యూదులు రోజూ పొద్దున, రాత్రి చెప్పుకొనే వచనం ఒకటి ఉంది. "ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా." దీన్ని షెమా అంటారు. చెప్పేటప్పుడు కుడి అరచేత్తో కళ్లు మూసుకుంటారు. పిల్లలకు మాటలు రాగానే నేర్పేది ఇదే, ప్రాణం పోయే వేళ నోట మెదలాలని కోరుకొనేదీ ఇదే. రోమన్లు చిత్రహింసలు పెట్టి చంపుతుంటే రబ్బీ అకీవా అనే మతగురువు ఈ మాట చెబుతూనే కన్నుమూశాడని వాళ్ల ధర్మ వ్యాఖ్యాన గ్రంథం తాల్ముద్‌లో ఉంది.

నా మనసు మాత్రం ఎప్పుడూ ఆ తర్వాతి మాటల దగ్గరే ఆగిపోతుంది. ఈ ఆజ్ఞలు నీ హృదయంలో ఉండాలి, పిల్లలకు నేర్పాలి అని చెప్పి, ఎప్పుడు నేర్పాలో కూడా యూదుల ప్రవక్త మోషే చెబుతాడు: "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును." గుడిలో ఉన్నప్పుడు అనలేదు, యాజకుడు ఎదురుగా ఉన్నప్పుడు అనలేదు. కూర్చోవడం, నడవడం, పడుకోవడం, లేవడం అన్నాడు. మనిషై పుట్టినవాడు ఎక్కడున్నా ఈ నాలుగూ చేయక తప్పదు కదా.

ఈ వచనాన్ని అక్షరాలా బతికినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. కొంకణ్ తీరంలోని బెనె ఇజ్రాయెల్ యూదులు. వాళ్ల పెద్దలు చెప్పుకొనే కథ ప్రకారం, సుమారు రెండు వేల ఏళ్లకు పూర్వం ఒక ఓడ అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ ఒడ్డున పగిలిపోయింది. ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు బతికి బయటపడ్డారు. చనిపోయినవాళ్లను ఆ ఒడ్డునే పాతిపెట్టారు. సామానుతోపాటు గ్రంథాలూ సముద్రంలో కలిసిపోయాయి. బతికినవాళ్లు గానుగ ఆడించి నూనె తీయడం వృత్తిగా చేసుకొని చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడ్డారు, మరాఠీ మాట్లాడారు, ఉన్న ఊరినే ఇంటిపేరు చేసుకున్నారు. నవ్‌గావ్ వాళ్లు నవ్‌గావ్‌కర్, పేణ్ వాళ్లు పేణ్‌కర్. శనివారం మాత్రం గానుగ కట్టేవాళ్లు కాదు. అందుకే ఊరివాళ్లు వాళ్లను శనివార్ తేలీలు అన్నారు, అంటే శనివారం పని చేయని నూనెవాళ్లు.

దక్షిణాదిలో పనిచేసిన సార్టోరియస్ అనే మిషనరీ 1738లో రాసిన ఉత్తరంలో వీళ్ల ప్రస్తావన ఉంది. వీళ్ల దగ్గర బైబిలు లేదు, హీబ్రూ రాదు, తెలిసిన ప్రార్థనల్లా షెమా ఒక్కటే అని రాశాడు. పుట్టినప్పుడూ, సున్నతికీ, పెళ్లికీ, చావుకీ అన్నింటికీ ఆ ఒక్క ప్రార్థనే. దాని అర్థం విడమరిచి చెప్పే గురువు లేడు. అయినా వదల్లేదు.

ఇప్పుడు పస్కా సంగతికి వస్తాను. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయటపడిన రాత్రిని తలచుకొంటూ యూదులు చేసే పండుగ అది. ఆ రోజుల్లో పులిసిన పిండితో చేసినదేదీ ఇంట్లో ఉండకూడదు. పండుగ ముందు రాత్రి దీపం పట్టుకొని మూలమూలలా వెతికి రొట్టె ముక్కలు ఏరేస్తారు. తర్వాత సెదర్ భోజనం, అందులో చిన్నపిల్లవాడి ప్రశ్నలు, పెద్దవాళ్ల జవాబులు, చేదు ఆకుకూరలు, పులియని రొట్టె. ఆ విధానమంతా హగ్గాదా అనే పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేని బెనె ఇజ్రాయెల్ ఇళ్లలో సెదర్ పోయింది, ప్రశ్నలు పోయాయి, మోషే కథ కూడా మసకబారింది. మరి ఏం మిగిలింది?

ఒక జాడీ మూత మిగిలింది. కొంకణ్ వంటింట్లో అనాస్ అనే పుల్లటి రసం ఒకటి ఉండేది, కూరల్లో నంజుకోవడానికి. సంవత్సరం పొడవునా వాడే ఆ జాడీని పస్కా వచ్చే రోజుల్లో మూసేసేవాళ్లు. ఎనిమిది రోజులు ముట్టుకొనేవాళ్లు కాదు. పండుగ పేరే అనాశీ ఢాకాచా సణ్, అనాస్ జాడీ మూసే పండుగ. ఎందుకు మూస్తున్నామో చెప్పగలిగినవాళ్లు లేరు. అత్తగారు మూసింది కాబట్టి కోడలు మూసింది. మోషే ఆజ్ఞ ఆ వంటింట్లో తరతరాలు ఒక జాడీ మూతగా బతికింది.

ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ కూడా అలాగే నిలిచింది. దాన్ని వాళ్లు దార్‌ఫాల్నీచా సణ్ అన్నారు, తలుపులు మూసుకొనే పండుగ. ఆ రోజు ఉపవాసం, తెల్లబట్టలు, ఇంటి తలుపులు మూసుకొని లోపలే ఉండటం. ప్రాయశ్చిత్త దినం అన్న పేరు పోయినా తలుపు మూసుకొని దేవుడి ముందు ఒంటరిగా నిలబడటం పోలేదు.

అర్థం తెలియకుండా చేసే ఆచారం వట్టి మూఢత్వమని మనం తేలిగ్గా అనేస్తుంటాం. నేను ఒప్పుకోను. అర్థం తెలిసినవాళ్లు ఎంతమంది ఆచారాన్ని గాలికి వదిలేశారో చూస్తూనే ఉన్నాం. ఆ కోడలికి ఐగుప్తు నుంచి బయటపడిన కథ చెప్పే నిర్గమకాండం తెలియదు, నిజమే. కానీ ఆమె ఆ మూత తీసి ఉంటే, తర్వాత ఎవరో వచ్చి నిర్గమకాండం వినిపించినా ఆ ఇంట్లో "ఇది మా కథే" అనేవాళ్లు ఉండేవాళ్లు కాదు. దేవుడు తన మాటను దాచుకోవడానికి పండితుల తలలనే వెతుక్కోడు, ఆడవాళ్ల చేతుల్లోనూ దాచుకుంటాడని నా నమ్మకం.

చెప్పేవాళ్లు రానే వచ్చారు. దావీద్ రాహబీ అనే యూదుడు వాళ్ల ఊరికి వచ్చాడని కథ. ఆయన కాలం విషయంలో చరిత్రకారుల మాట ఒక్కటిగా లేదు, కొచ్చిన్‌లో 18వ శతాబ్దంలో ఉన్న వర్తకుడే ఆయన అని కొందరంటారు. వీళ్లు నిజంగా యూదులేనా అని చూడటానికి ఆయన రకరకాల చేపలు తెచ్చి ఆడవాళ్లకిచ్చి వండమన్నాడట. వాళ్లు రెక్కలూ పొలుసులూ ఉన్నవి మాత్రం ఉంచుకొని మిగతావి పక్కన పెట్టేశారు, మేం ఇవి తినం అన్నారు. లేవీయకాండం పదకొండో అధ్యాయం చెప్పే నియమం అదే. పరీక్ష జరిగింది వంటింట్లో, గెలిచింది ఆడవాళ్లు. రాహబీ మూడు కుటుంబాలవారికి ధర్మం నేర్పి కాజీలుగా, అంటే మతపెద్దలుగా నిలబెట్టాడని చెబుతారు.

వీళ్ల ఆచారాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మలీదా. మన తెలంగాణలో సద్దుల బతుకమ్మకు రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు అందరికీ తెలుసు. వీళ్ల మలీదా అటుకులతో. నానబెట్టిన అటుకుల్లో కొబ్బరి కోరు, బెల్లమో పంచదారో, యాలకుల పొడి కలిపి, పెద్ద పళ్లెంలో గోపురంలా పోసి, చుట్టూ అరటిపళ్లు, ఖర్జూరాలు, దొరికిన పళ్లు పేరుస్తారు. సువాసన ఉన్న ఆకు కొమ్మ ఒకటి పెడతారు. ఏలియా ప్రవక్తను తలచుకొంటూ పాట పాడతారు. తర్వాత చెట్టు పండుకొక స్తోత్రం, నేల పంటకొక స్తోత్రం, వాసనకొక స్తోత్రం చెప్పి అందరికీ పంచుతారు. పెళ్లి కుదిరినా, కొత్తింట్లోకి దిగినా, జబ్బు నయమైనా, మొక్కు తీర్చాలన్నా మలీదాయే.

ఏలియా అగ్ని రథంలో ఆకాశానికి ఎక్కిపోయాడని రాజుల రెండో గ్రంథం చెబుతుంది. పోతూ పోతూ అలీబాగ్ దగ్గర ఖండాలా అనే పల్లెలో ఆ రథం నేలను తాకిందని, అక్కడి రాతి మీద గుర్తులు దానివేనని బెనె ఇజ్రాయెల్ విశ్వాసం. (పుణె దారిలో ఉన్న హిల్ స్టేషన్ ఖండాలా వేరు.) ఇప్పటికీ అక్కడికి వెళ్లి మొక్కులు చెల్లిస్తారు. యెరూషలేము చూడని జనానికి ప్రవక్తే దారి మళ్లి వచ్చాడన్న ఆ నమ్మకాన్ని రాయి కొలిచి తేల్చడం నాకు ఇష్టం లేదు.

తర్వాత పుస్తకాలు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన శామ్యూల్ ఎజకియేల్ దివేకర్ టిప్పు సుల్తాను చెర నుంచి బతికి బయటపడి, మొక్కు ప్రకారం 1796లో బొంబాయిలో వాళ్ల మొదటి సమాజ మందిరం, అంటే యూదుల ప్రార్థనాలయం కట్టించాడు. దాని పేరు షార్ హారహమీమ్, కరుణా ద్వారం. బొంబాయి లోకల్ రైళ్లు ఆగే మసీద్ స్టేషన్‌కు ఆ పేరు ఈ మందిరం వల్లే వచ్చిందంటారు. హీబ్రూ నేర్పడానికి కొచ్చిన్ నుంచి యూదు గురువులు వచ్చారు, మిషనరీలు మరాఠీలో బైబిలు, హీబ్రూ వ్యాకరణం అచ్చువేశారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా వీళ్లు అబ్రాహాము, యోసేపు కథలను మరాఠీ కీర్తనలుగా కట్టి, మన హరికథలాగా వాద్యాలతో పాడుకున్నారు. 1874లో పుణెలో అచ్చయిన మరాఠీ హగ్గాదాలో చీరలు కట్టుకున్న ఆడవాళ్లు పులియని రొట్టెలు చేస్తున్న బొమ్మలున్నాయి. జాడీ మూసిన చేతులు ఎందుకు మూశాయో అప్పుడు చదువుకోగలిగాయి.

మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోనూ తాము ఎఫ్రాయిము గోత్రపు యూదులమని చెప్పుకొనే తెలుగు కుటుంబాలున్నాయి. బెనె ఎఫ్రాయిము అంటారు. విశ్రాంతి దినం, పస్కా పాటిస్తారు, పిల్లలకు హీబ్రూ నేర్పుతారు. వాళ్ల మూలాల మీద ప్రశ్నలు వేసేవాళ్లు చాలామందే. బెనె ఇజ్రాయెల్‌కూ ఆ బాధ తప్పలేదు. ఇజ్రాయెల్ దేశానికి వలసపోయాక, అక్కడి మతాధికారులు వీళ్ల పెళ్లిళ్ల విషయంలో పూర్వీకులెవరో విచారించాలని 1960ల మొదట్లో నియమం పెట్టారు. వీళ్లు నిరసనలకు దిగారు. 1964లో, వీళ్లు అన్ని విధాలా యూదులేనని అక్కడి ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ఇప్పుడు మన దేశంలో మిగిలింది కొన్ని వేలమందే, మహారాష్ట్ర ప్రభుత్వం 2016లో మైనారిటీ హోదా ఇచ్చింది. ఎక్కువమంది అష్దోద్, లోద్, బేర్షెబా, దిమోనా వంటి ఊళ్లలో ఉన్నారు. అక్కడ పెళ్లిళ్లకు ముందు గోరింటాకు పెట్టుకొంటున్నారు, అటుకులు నానబెట్టి మలీదా చేస్తున్నారు, ఏలియా పాట పాడుతున్నారు.