రెండు గళ్ళలో టిక్కు పెట్టినందుకు: మా అమ్మాయి హాకీ ఎంపికల అనుభవం

వచ్చే సీజనుకు మా అమ్మాయికి జట్టులో చోటు ఖాయమైందని నిన్న రాత్రి కోచ్ నుంచి కబురు వచ్చింది. టొరంటో శివార్లలో ఉంటూ పిల్లలను ఐస్ హాకీలో చేర్పించాలనుకునే తెలుగువారికి, అందులోనూ ఒకటికి మించిన స్థానాల్లో ఆడగల పిల్లలున్నవారికి పనికొస్తుందని, పడ్డ అవమానం ఇంకా పచ్చిగా ఉండగానే జరిగినదంతా రాస్తున్నాను.

పేరు నమోదు చేయించడంలో కష్టమేమీ లేదు. జనన ధ్రువపత్రం, చిరునామాకు రుజువు, రుసుము, తల్లిదండ్రుల్లో ఒకరు ఆన్‌లైన్‌లో పూర్తి చేయవలసిన ‘రెస్పెక్ట్ ఇన్ స్పోర్ట్’ కోర్సు సర్టిఫికెట్ సిద్ధంగా ఉంటే ఒక సాయంత్రంలో పని అయిపోతుంది. సామాన్ల విషయంలో, షిన్ ప్యాడ్లు పాతవి కొన్నా నష్టం లేదు గాని, హెల్మెట్ మీద కెనడా ప్రమాణాల సంస్థ సి.ఎస్.ఎ. ముద్ర ఉందో లేదో చూసుకోవాలి, మెడకు గార్డు తప్పనిసరి. స్కేట్ల బ్లేడ్లకు ట్రైఔట్ (ఎంపిక ఆట) రోజు ఉదయం పదును పెట్టించవద్దు. రెండు రోజుల ముందే పెట్టించి, ఆ కొత్త పదునుకు పిల్ల కాళ్ళు అలవాటు పడేలా ఒకసారి మంచు మీద తిరగనివ్వాలి.

అసలు చిక్కంతా దరఖాస్తులో ఆడే స్థానం రాయవలసిన చోట మొదలైంది. అక్కడ మూడు గళ్ళు ఉంటాయి: ఫార్వర్డ్ (ముందుండి దాడి చేసేవారు), డిఫెన్స్ (వెనక అడ్డుకునేవారు), గోలీ (గోల్ కాపలాదారు). మా అమ్మాయి మొదటినుంచీ డిఫెన్స్ ఆడేది. కిందటి చలికాలంలో వాళ్ళ జట్టులో సెంటర్ (ఫార్వర్డ్‌లలో నడిమి స్థానం) ఆడే పిల్ల కుటుంబం సీజను మధ్యలో వేరే ఊరికి వెళ్ళిపోవడంతో, అప్పటి కోచ్ మా అమ్మాయిని ముందుకు తెచ్చి చూశారు. ఆమె సీజను చివరిదాకా సెంటర్‌గానే ఆడి, బిళ్ళ కోసం ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఫేసాఫ్‌లు గెలవడం నేర్చుకుని, గోల్స్ కూడా కొట్టింది. అందుకని నేను డిఫెన్స్ గడిలోనూ ఫార్వర్డ్ గడిలోనూ టిక్కు పెట్టాను. రింకులో (మంచు మైదానంలో) చెక్-ఇన్ బల్ల దగ్గర కూర్చున్న నిర్వాహకుడు ఆ కాగితాన్ని తనవైపు తిప్పుకొని, ఫార్వర్డ్ గడిలోని టిక్కును పెన్నుతో అడ్డంగా కొట్టేసి, ‘రెండూ ఆడుతుందంటే ఏదీ సరిగా రాదని అర్థం, ముందు ఒకటి నేర్పించండి’ అన్నాడు. మా వెనక వరుసలో ఉన్నవాళ్ళందరూ విన్నారు, స్కేట్ల సంచి భుజాన వేసుకొని పక్కనే నిలబడ్డ మా అమ్మాయీ విన్నది. అంతటితో ఆగకుండా, మా ఇంటిపేరు పలకబోయి మధ్యలో వదిలేసి, ‘మీ దేశంలో క్రికెట్ కదా ఆడతారు’ అని నవ్వాడు.

అవును, మాది క్రికెట్ దేశమే. బ్యాటూ బంతీ రెండూ చేతనైన కపిల్ దేవ్‌ను ఆల్‌రౌండర్ అని నెత్తిన పెట్టుకున్న దేశం మాది, రెండు విద్యలు రావడం లోపమని మాకెవరూ నేర్పలేదని నేను అక్కడికక్కడే చెప్పాను. ఆయన జవాబివ్వకుండా తరువాతి వాళ్ళను పిలిచాడు. ఆ మాట చెప్పగలిగినందుకు నేను ఇప్పటికీ గర్వపడుతున్నాను.

మంచు మీద ఏం జరిగిందో కూడా వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్యాయం అక్కడ కాగితాల రూపంలో జరిగింది. పిల్లలందరికీ జెర్సీ మీద తొడుక్కోవడానికి నంబర్లున్న ‘పిన్నీ’ తొడుగులు ఇస్తారు. పైన గ్యాలరీలో అట్టలు పట్టుకుని కూర్చున్న పరిశీలకులు పేరు చూడరు, నంబరు చూసి మార్కులు వేస్తారు. మొదటి సెషన్‌లో మా అమ్మాయి డిఫెన్స్ బృందంలో ఆడింది. వెనక్కి స్కేట్ చేస్తూ, దూసుకొచ్చే ఫార్వర్డ్‌కూ తనకూ మధ్య దూరాన్ని సరిగ్గా ఉంచుకుంటూ, పక్‌ను (ఆట బిళ్ళను) గోడవైపు నెట్టించడంలో ఆమెకు వంక పెట్టలేరు. రెండో సెషన్‌లో ఆడించిన మ్యాచ్‌కు సెంటర్లు తక్కువపడ్డారు. కింద ఉన్న శిక్షకుడికి కిందటి సీజను సంగతి తెలుసు కాబట్టి ఆమెను సెంటర్‌గా దింపాడు. అక్కడా బాగా ఆడింది. అయితే డిఫెన్స్ కాగితం పట్టుకున్న పరిశీలకుడు ఈ నంబరు ఫార్వర్డ్‌లలోకి మారిపోయిందనుకొని రెండో సెషన్ మార్కులు ఖాళీగా వదిలేశాడు. ఫార్వర్డ్ కాగితంలో ఆమె నంబరే లేదు, ఎందుకంటే ఆ టిక్కును బల్ల దగ్గరే కొట్టేశారు. ఆ రాత్రి విడుదలైన జాబితాల్లో, ఎంపికైనవారిలోనూ తీసేసినవారిలోనూ ఆ నంబరు కనిపించలేదు. పిల్ల నా ఫోను తీసుకొని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి ఆ నంబర్లు చదువుతూ, ‘నాన్నా, నేను అసలు ఆడలేదా?’ అని అడిగింది. ఓడిపోతే ఓదార్చడం ఏ తండ్రికైనా వస్తుంది గాని, రెండు చోట్లా ఆడి ఎక్కడా లేకుండా పోయిన పిల్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

వెంటనే అడగడానికి వీల్లేదు. ఇక్కడి హాకీ సంఘాల్లో ఇరవై నాలుగు గంటల నియమం ఒకటుంది, ఆవేశం చల్లారేదాకా తల్లిదండ్రులు కోచ్‌లతో మాట్లాడకూడదు. నియమం మంచిదే, పాటించాను. గడువు దాటాక అడిగితే, రెండు కాగితాల్లోనూ పూర్తి మార్కులు లేవు కనుక మిగతా పిల్లలతో పోల్చడం కుదరదని, వచ్చే ఏడాది ఒకే స్థానానికి దరఖాస్తు చేసుకోమని అదే నిర్వాహకుడు చెప్పాడు. తాము చేసిన పొరపాటును పిల్ల లోపంగా తేల్చిన ఆ మాటకే నాకు పట్టుదల వచ్చింది.

మా పక్కింటి పెద్దాయన ఈ ఊరి పాత హాకీ అభిమాని, కార్ల్‌టన్ వీధిలోని మేపుల్ లీఫ్ గార్డెన్స్ స్టేడియంలో ఆటలు చూసి పెరిగినవారు. జరిగింది విని, ఆ ఎంపిక కమిటీకి, డిఫెన్స్‌లోనూ సెంటర్‌లోనూ ఆడిన రెడ్ కెల్లీ ఎవరో తెలియదా అని ఆశ్చర్యపోయారు. కెల్లీ పేరు నేను విన్నదే గాని, ఆ జీవితాన్ని వరుసగా చదివింది మాత్రం అప్పుడే. చదివిన తరువాత, కమిటీకి నేనిచ్చిన వినతిపత్రంలో మా అమ్మాయి గురించి ఒక పేరా, కెల్లీ గురించి మిగతాదంతా రాశాను. ఆ కాగితంలో రాసిన సంగతులే ఇక్కడా చెబుతున్నాను, ఇలాంటి అవసరం పడినవారు వాడుకోవచ్చు.

కెల్లీ 1927లో ఒంటారియోలోని సిమ్కోలో పుట్టి, టొరంటోలో సెయింట్ మైఖేల్స్ కళాశాల జట్టుకు ఆడారు. ఈ కుర్రవాడు పెద్ద జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో ఇరవై ఆటలు కూడా నిలవడని, ఆటగాళ్ళను వెదికే టొరంటో స్కౌట్ ఒకరు తేల్చేశారని చెబుతారు. డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టు ఆయనను తీసుకుంది. డిఫెన్స్ ఆటగాళ్ళు తమ గోల్ దగ్గరే కాపలా ఉండి పక్‌ను ముందుకు కొట్టేయడమే పనిగా పెట్టుకున్న ఆ రోజుల్లో, కెల్లీ పక్‌ను తానే తీసుకొని ఎదుటి గోల్ దాకా వెళ్ళేవారు. డెట్రాయిట్ 1950, 1952, 1954, 1955 సంవత్సరాల్లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన జట్లన్నిటిలో ఆయన ఉన్నారు. ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీని 1954లో మొట్టమొదట అందుకున్నది ఆయనే. మర్యాదగా ఆడినవారికిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ నాలుగుసార్లు వచ్చింది, అందులో మూడు డిఫెన్స్‌లో ఉండగానే వచ్చాయి. ఎదుటివాణ్ణి అడ్డుకోవడమే పనిగా ఉన్న స్థానంలో ఆడుతూ పెనాల్టీలు లేకుండా నెట్టుకురావడం ఎంత కష్టమో, ఒక్క సీజను పిల్లల మ్యాచ్‌లు చూసినవారికి కూడా అర్థమవుతుంది.

తరువాత జరిగిన కథ నాకు మరీ దగ్గరగా అనిపించింది. 1958–59 సీజనులో కెల్లీ విరిగిన చీలమండతోనే ఆడారు. జట్టు ఆ సంగతి దాచింది. ఆ ఏడాది ఆట మందగిస్తే, ఆయన పని అయిపోయిందని లోకం అనుకుంది. ఆ తరువాతి సీజనులో అసలు కారణం పత్రికలోకి ఎక్కగానే, మేనేజర్ జాక్ ఆడమ్స్ ఆయనను న్యూయార్క్ రేంజర్స్‌కు బదిలీ చేసేశారు. కెల్లీ వెళ్ళనన్నారు, అవసరమైతే ఆటే మానేస్తానన్నారు. ఆ బదిలీ రద్దయి, 1960 ఫిబ్రవరిలో మార్క్ రియోమ్ అనే ఆటగాడికి బదులుగా ఆయన టొరంటో మేపుల్ లీఫ్స్‌కు వచ్చారు. అక్కడి కోచ్ పంచ్ ఇమ్లాక్, పన్నెండేళ్ళకు పైగా డిఫెన్స్ ఆడిన ఆ మనిషిని సెంటర్ ఆడమన్నారు. ప్రత్యర్థి మాంట్రియల్ జట్టు సెంటర్ ఆటగాడు జాన్ బెలివోను అడ్డుకోగల మనిషి కావలసివచ్చి ఆయన వేసిన ఎత్తు అది. అప్పటికి కెల్లీకి ముప్పై రెండేళ్ళు.

ముప్పై రెండేళ్ళ వయసులో స్థానం మార్చి ఆయన ఏం పోగొట్టుకున్నారు? మరుసటి సీజనులో ఆయన పక్కన వింగ్‌లో (అంచున) ఆడిన ఫ్రాంక్ మహోవ్లిచ్ 48 గోల్స్ కొట్టాడు. సెంటర్‌గా కెల్లీకి 1961లో మళ్ళీ లేడీ బింగ్ వచ్చింది. 1962, 1963, 1964, 1967లలో టొరంటో స్టాన్లీ కప్ గెలిచింది. డిఫెన్స్‌లో నాలుగు కప్పులు, సెంటర్‌లో నాలుగు కప్పులు, మొత్తం ఎనిమిది. మాంట్రియల్ జట్టుకు ఎన్నడూ ఆడకుండా అన్ని కప్పులు గెలిచిన ఆటగాడు మరొకరు లేరు. ఇరవై సీజన్లలో 1,316 ఆటలు, 281 గోల్స్, ఇతరుల గోల్స్‌కు తోడ్పడిన 542 అసిస్ట్‌లు. ఇరవై ఆటలు కూడా నిలవడని స్కౌట్ తేల్చేసిన ఆటగాడి లెక్క ఇది. అందులోనే 1962 నుంచి 1965 వరకు లిబరల్ పార్టీ తరఫున యార్క్ వెస్ట్ నియోజకవర్గ పార్లమెంటు సభ్యుడిగా ఉంటూ, అటు ఒట్టావాకూ ఇటు రింకుకూ తిరిగారు. ఆట మానిన వెంటనే లాస్ ఏంజెలిస్‌కు, తరువాత పిట్స్‌బర్గ్‌కు, టొరంటోకు కోచ్‌గా పనిచేశారు. 1969లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. టొరంటో, డెట్రాయిట్ రెండూ ఆయన 4వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాయి.

ఇదంతా రాసి, కింద నా వాదన చేర్చాను. మంచు మొత్తాన్ని ఎదురుగా చూస్తూ వెనక్కి స్కేట్ చేసే డిఫెన్స్ ఆటగాడికి, ఎదుటి జట్టు ఎత్తు ఎక్కడ మొదలై ఎటు మళ్ళుతుందో కనిపిస్తుంది. సెంటర్ ఆడేవారికి కావలసిందీ అదే చూపు. తమ జట్టు దాడి ఆగిపోగానే అందరికంటే ముందు వెనక్కి వచ్చి గోల్ ముందు నిలబడవలసిందీ సెంటరే. కాబట్టి ఒకచోట నేర్చినది రెండోచోట వృథా పోదు. పదేళ్ళు దాటీ దాటని పిల్లలను ఒక గడిలో బంధించే హక్కు ఏ బల్లకూ లేదని కూడా రాశాను. ఆ వాక్యం కాస్త కటువుగా ఉందని నా భార్య అన్నది. నేను తీయలేదు.

కమిటీలో ఒకావిడ స్వయంగా ఫోన్ చేశారు. రెండు కాగితాల్లోనూ ఖాళీలున్న సంగతి తాము గమనించలేదని ఒప్పుకొని, ఇంకో సెషన్‌కు రమ్మన్నారు. ఈసారి ఆమె నంబరు రెండు కాగితాల్లోనూ ఉంది. మొదటి సగం డిఫెన్స్, రెండో సగం సెంటర్ ఆడించారు. పై స్థాయి జట్టు అప్పటికే నిండిపోయింది. రెండో స్థాయి జట్టు కోచ్ మాత్రం కిందికి దిగివచ్చి, సీజను మధ్యలో ఎవరికి దెబ్బ తగిలినా ఆ ఖాళీలో నిలబడగల పిల్ల తనకు కావాలని, మామూలుగా డిఫెన్స్ ఆడిస్తానని, సెంటర్ ఎవరైనా పెనాల్టీ బాక్సులో కూర్చుంటే ఫేసాఫ్‌కు ఆమెనే పంపుతానని చెప్పారు. అలా చెప్పే కోచ్ దొరకడం పై జట్టులో చోటు కంటే మేలని నా అభిప్రాయం.

మీ పిల్లలకు రెండు స్థానాలు వస్తే భయపడి ఒకటి దాచకండి. దరఖాస్తు ఇచ్చే ముందు దాన్ని ఫోటో తీసుకోండి, బల్ల దగ్గర ఎవరైనా టిక్కు కొట్టేస్తే కొట్టేసిన కాగితాన్ని కూడా ఫోటో తీసుకోండి, నాకు చివరికి ఆసరా అయింది అదే. సెషన్ మధ్యలో స్థానం మారిస్తే ఆ సంగతి పరిశీలకులకు చెప్పారా అని శిక్షకుణ్ణి మర్యాదగా అడగండి. పిన్నీ నంబరు, తేదీ, ఏ సెషన్‌లో ఏ స్థానం అన్నది రాసిపెట్టుకోండి. వినతి నోటిమాటగా కాకుండా కాగితం మీద ఇవ్వండి, బల్ల దగ్గరి మనిషికి కాకుండా కమిటీకి ఇవ్వండి.

దరఖాస్తులో మొదటి ఎంపిక, రెండో ఎంపిక అని రెండు వేరు వరుసలు పెట్టాలని, రెండో వరుస నింపిన పిల్లల నంబర్లు రెండు కాగితాల్లోనూ వేయాలని సంఘానికి విడిగా రాసి ఇచ్చాను. వచ్చే సమావేశంలో చర్చిస్తామన్నారు. ఆ సమావేశానికి తల్లిదండ్రులెవరైనా వెళ్ళవచ్చు, నేను వెళుతున్నాను.