డి విటమిన్ పెరిగింది, ఇన్సులిన్ దిగలేదు

మా వాడికి పదకొండేళ్లు. ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. ఈ అంకెలు విని మా ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. "పిల్లాడు పుష్టిగా ఉన్నాడు, కళ్లు పెట్టకండి" అంటూ అత్తయ్య ప్రతి శనివారం ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసేవారు. ఆవిడకు నచ్చనిదల్లా వాడి మెడ. మెడ వెనక నల్లటి చార; తడిమితే మఖమల్ గుడ్డలా మందంగా తగిలేది. తలంటినప్పుడల్లా దాన్ని శనగపిండితో, ఆపైన పీచుతో రుద్దేవారు. తోలు ఎర్రబడేది గాని నలుపు వదిలేది కాదు.

జలుబని చూపించడానికి వెళితే, విజయనగరంలో మా పిల్లల డాక్టరు గారు జలుబు సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి ఆ మెడ దగ్గర ఆగిపోయారు. "ఇది మురికి కాదమ్మా, రుద్దకండి. రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువగా ఉన్నప్పుడు చర్మం ఇలా మందమై నల్లబడుతుంది" అన్నారు. టేపు తీసి నడుము కొలిస్తే 86 వచ్చింది. నడుము ఎత్తులో సగం దాటకూడదట, అంటే వీడికి 71. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన ఎదుగుదల చార్టులో వాడి బీఎంఐకి, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్కకు, చుక్క పెట్టి చూపించారు. ఊబకాయం గీతకు చాలా పైన ఉంది. పెద్దయ్యాక బీఎంఐ 27కి చేరే దారిని ఆ చార్టులో ఊబకాయం గీతగా పెట్టారని, పాశ్చాత్యుల 30 మనకు పనికిరాదని చెప్పారు. మనవాళ్లకు తక్కువ బరువులోనే షుగర్ వచ్చేస్తుంది మరి.

పరీక్షల చీటీ పట్టుకుని ల్యాబుకు వెళితే అక్కడి అమ్మాయి ఒక ప్యాకేజీ అంటగట్టబోయింది. చాంతాడంత జాబితా. తీరా చూస్తే డాక్టరు గారు ముఖ్యంగా అడిగిన ఫాస్టింగ్ ఇన్సులిన్ అందులో లేదు. ఎవరైనా వెళితే చీటీలో రాసినవే విడిగా చేయించుకోండి. రాత్రి ఎనిమిదింటికల్లా అన్నం పెట్టి, పొద్దున ఏడింటికి పరగడుపున రక్తం ఇప్పించాం. నీళ్లు తాగవచ్చు, మరేమీ తినకూడదు. దారిలో ఒక్క బిస్కెట్టు తిన్నా ఇన్సులిన్ అంకె మారిపోతుంది.

రిపోర్టులో డి విటమిన్ 11, బి12 178 అని నల్లటి పెద్ద అక్షరాల్లో వచ్చాయి. డి కనీసం 20, బి12 కనీసం 200 ఉండాలి. చుట్టాలందరి చూపూ వాటి మీదే. "అంత బొద్దుగా ఉన్నవాడికి విటమిన్లు తక్కువేమిటి?" అని మా ఆడపడుచు ఫోనులో నవ్వింది కూడా. ఇక థైరాయిడ్‌ను నడిపించే టీఎస్‌హెచ్ 6.2 ఉందని, అంటే కాస్త ఎక్కువని తెలియగానే, థైరాయిడ్ వల్లే ఒళ్లు వచ్చిందని అందరూ కలిసి తీర్మానించేశారు.

డాక్టరు గారు మాత్రం ఎవరూ పట్టించుకోని వరుసల కింద గీతలు గీశారు. రక్తంలో తిరిగే కొవ్వు ట్రైగ్లిసరైడ్స్ 142. పక్కన 150 వరకు మామూలే అని అచ్చయి ఉంది. అది పెద్దవాళ్ల లెక్క. పదేళ్లు దాటిన పిల్లలకు 130 అంటేనే ఎక్కువ. కాలేయానికి సంబంధించిన ఎస్‌జీపీటీ 58. ల్యాబు వారి హద్దు 45 కాబట్టి 'కాస్త ఎక్కువ' అనిపిస్తుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న మగపిల్లల్లో 26, ఆడపిల్లల్లో 22 దాటదట. ఇన్సులిన్ 24, పరగడుపు చక్కెర 94. చక్కెర బాగానే ఉందని నేను ఊపిరి పీల్చుకోబోతే, "దాన్ని అక్కడ నిలబెట్టడానికి ఎంత ఇన్సులిన్ ఖర్చవుతోందో చూడండి" అన్నారు. ఇన్సులిన్‌కు ఒళ్లు ఎంత మొండికేస్తోందో చెప్పే లెక్క ఒకటుంది: రెండింటినీ గుణించి 405తో భాగిస్తే అయిదున్నర వచ్చింది. అంత ఉండకూడదు. థైరాయిడ్ మాట ఎత్తితే, థైరాయిడ్ హార్మోను టీ4 మామూలుగానే ఉంది, ఒళ్లు పెరిగిన పిల్లల్లో టీఎస్‌హెచ్ ఈమాత్రం పెరగడం మామూలే, బరువు అదుపులోకి వస్తే అదే దిగుతుంది, మాత్ర వద్దు అన్నారు.

డి విటమిన్ గురించి నాకు పట్టిన సందేహం వేరు. విజయనగరంలో ఎండకు కరువా? కరువు ఎండకు కాదు, పిల్లలు ఎండలోకి రావడానికి. పొద్దున్నే స్కూలు బస్సు, సాయంత్రం ట్యూషను. లేత ఎండ మంచిదని పెద్దలంటారు గాని, చర్మంలో డి తయారు కావడానికి సూర్యుడు కాస్త నడినెత్తికి చేరాలి. పైగా అది కొవ్వులో కరిగే విటమిన్. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే రక్తంలోకి రాకుండా అందులోనే ఉండిపోతుంది. అందుకే ఇలాంటి పిల్లలకు మామూలు మోతాదుకు రెండు మూడు రెట్లు కావాలట. వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ రాశారు. మందుల షాపులో కుర్రాడు "రోజూ పాలలో కలిపి ఇవ్వండి" అనేశాడు. చీటీలో 'వారానికి ఒక్కటే' అని రాసి లేకపోతే అలాగే ఇచ్చేవాళ్లం. డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికి వస్తుంది.

మూడు నెలల తర్వాత డి 29, బి12 410. ఇంట్లో పండగ. ఇన్సులిన్ మాత్రం 23. నేను నీరుగారిపోయాను గాని డాక్టరు గారు ఆశ్చర్యపోలేదు. డి ఇస్తే ఇన్సులిన్ దిగిందని కొన్ని పరిశోధనల్లో, ఏమీ తేడా లేదని మరికొన్నిట్లో వచ్చిందట. "ఎముకల కోసం ఇచ్చానమ్మా. ఇన్సులిన్‌కు మందు ఆ ప్యాకెట్‌లో లేదు" అన్నారు.

కడుపు స్కానింగ్‌లో కాలేయంలో కొవ్వు కనిపించింది. అత్తయ్యను కదిలించింది అదే. "సారా వాసన కూడా ఎరగని పసివాడికి కాలేయం పాడవడమేమిటి?" అని ఆ పూట అన్నం తినలేదు. మరునాటి నుంచి వంటింట్లో రాజ్యం మారింది. పాలలో కలిపే చాక్లెట్ పొడి, సీసా జ్యూసులు పోయాయి. ట్రైగ్లిసరైడ్స్‌ను నూనె కంటే ఈ తీపే ఎక్కువ పెంచుతుందని అప్పటిదాకా మాకు తెలియదు. చోడంబలి, అదే రాగి అంబలి, వచ్చింది, కాకపోతే మొదట్లో ఆవిడ అందులో గుప్పెడు బెల్లం వేసేవారు. ఆ బెల్లం మాన్పించడం స్కూలు సెలవులన్నీ పట్టిన యుద్ధం. ఇప్పుడు మజ్జిగ, ఉల్లిపాయతో తాగుతున్నాడు. ముల్లంటే భయమని చేప ముట్టనివాడు నెత్తళ్ల వేపుడు తింటున్నాడు. అన్నం సగమైంది, గుడ్డు రోజూ ఉంటుంది. ట్యూషను మాన్పించి అయోధ్య మైదానానికి పంపాం. దాని మీద మా ఆయనకూ నాకూ జరిగిన వాదన రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

మరో ఆరు నెలలకు బరువు అదే 54, ఎత్తు మాత్రం 147. ఎదిగే పిల్లాడికి బరువు తగ్గనక్కరలేదు, నిలిస్తే చాలన్నారు. ఇన్సులిన్ 15, ట్రైగ్లిసరైడ్స్ 108, ఎస్‌జీపీటీ 37. టీఎస్‌హెచ్ మాత్ర లేకుండానే 4.1కి వచ్చింది. మెడ మీద చార పలచబడింది, ఇంకా పోలేదు. ఈసారి చీటీలో నాలుగే పరీక్షలున్నాయి. డి, బి12 ఏడాది తర్వాత చూద్దామన్నారు. ల్యాబులో అదే అమ్మాయి మళ్లీ ప్యాకేజీ కాగితం తీసింది. ఇన్సులిన్ ఉందా అని అడిగితే లోపల పెట్టేసింది.