7.05 వార్తలు

మన హైస్కూల్లో నేను వెలగబెట్టిన పదవి ఒక్కటే, ప్రార్థనలో వార్తలు చదవడం. 1980 పదో తరగతి వాళ్లకి గుర్తుండే ఉంటుంది. పొద్దున 7.05కి ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు రేడియోలో విని, నాలుగు ముక్కలు రఫ్ నోట్సులో గీకి తెచ్చేవాణ్ణి. ప్రతిజ్ఞ అయ్యాక అరుగెక్కి చదివేవాణ్ణి. వాటిని నల్లబోర్డు మీద రాయడం నా బెంచీవాడి పని. వాడి దస్తూరీ ముత్యాలు. నా గొంతు మాత్రం రోజూ వణికేది.

నాకు చప్పట్లు పడింది ఒక్క రోజే, 1979 జూలై 12న. అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊళ్లో ఒకటే గోల. ఎలాగూ పోతాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు. దాని ముక్కలు హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాలో పడ్డాయని చదవగానే మాస్టార్లు కూడా నవ్వేశారు. వాడొక్కడే సుద్దముక్క పట్టుకుని దిగాలుగా నిలబడ్డాడు. ముందురోజు రాత్రే వాళ్ల పందెం పుంజు కూరైపోయిందట.

తర్వాత వాడు వ్యవసాయం, నేను బ్యాంకు. నలభై ఏళ్లలో రెండు మూడు పెళ్లిళ్లలో కలిశామేమో.

పోయినేడు మా ఆవిడ పోయింది. దినాలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. కూకట్‌పల్లి ఫ్లాట్లో నాకు పొద్దుపోకపోవడం కాదు, అసలు పొద్దు మొదలయ్యేదే కాదు. ఆ మర్నాడు ఏడుంబావుకి వాడి ఫోను. "ప్రతిజ్ఞ అయిందిరా, వార్తలు విను." పరామర్శ మాట ఒక్కటీ లేదు.

అప్పట్నుంచి రోజూ అంతే. ఢిల్లీ సంగతులు రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ఊరివే వివరంగా: కాలవకి నీళ్లొదిలారు, మినుముకి తెగులొచ్చింది, గేదె ఈనింది, పెయ్యదూడ. ఒకరోజు కోపంగా మొదలెట్టాడు. "మనం రోజూ అరిచిన ప్రతిజ్ఞ రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తి ఆయనటరా, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1962లోనే రాశారట. ఒక్క మాస్టారూ చెప్పలేదేం?"

ఇప్పుడు ఏడయ్యేసరికి స్నానం చేసి, కాఫీ కలుపుకుని కూర్చుంటున్నాను. వాడు రెండు నిమిషాలు ఆలస్యం చేస్తే దెబ్బలాడుతున్నాను కూడా.

మొన్న వాడికి గొంతు పట్టేసింది. "ఇవాళ నువ్వు చదవరా" అన్నాడు బొంగురుగా. పేపరు తీశాను. నాలుగో వార్తకొచ్చాక చూసుకుంటే, కుర్చీలోంచి ఎప్పుడు లేచానో, నిటారుగా నిలబడి ఉన్నాను. గొంతు అప్పటిలాగే వణుకుతోంది.