నాయనమ్మ గుప్పెడు బియ్యం

మాది గుంటూరు లూథరన్ కుటుంబం, అంటే మార్టిన్ లూథర్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్ క్రైస్తవులం. 1842లో అమెరికా నుంచి మిషనరీ ఫాదర్ హేయర్ వచ్చి మొదలుపెట్టిన మిషన్ నుంచి వచ్చిన విశ్వాసం మాది. ఇప్పుడు ఉంటున్నది జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో. మా అమ్మాయి ఇక్కడే చర్చిలో కన్ఫర్మేషన్ క్లాసులకు, అంటే తన విశ్వాసాన్ని తానే ఒప్పుకునే ముందు చెప్పే పాఠాలకు, వెళ్తోంది.

క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్లే మనిషి నీతిమంతుడవుతాడని బైబిల్లోని రోమా పత్రికలో చదివి వచ్చి, "మరి నాయనమ్మ ఎందుకమ్మా అంత కష్టపడుతుంది?" అని అడిగింది. సెలవుల్లో అది అన్నీ గమనించింది. మా అత్తగారు వంటకు బియ్యం కొలిచాక అందులోంచి గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా మందిరానికి వెళ్తుంది. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా జావ కాచుకుని వెళ్లి, ప్రార్థన చేసి వస్తారు.

ఆ బియ్యంతో నాయనమ్మ రక్షణ కొనుక్కోవడం లేదని చెప్పాను. ఉచితంగా దొరికిన రక్షణ ఆవిడ చేత అలా చేయిస్తోంది. మన సండేస్కూళ్లలో ఎఫెసీ 2:8, 9 కంఠస్థం చేయిస్తారు. కృపచేతనే రక్షణ, క్రియల వల్ల కాదు. సత్‌క్రియలు చేయడానికే దేవుడు మనల్ని సృజించాడనే పదో వచనం కూడా చెప్పించాలని నా పట్టు. ఆకలితో ఉన్నవాణ్ణి "తృప్తిపొందు" అని ఉత్తచేతులతో పంపేస్తే ఏం ప్రయోజనమని బైబిల్లోని తన పత్రికలో యాకోబు అడిగిందీ ఇదే. లూథర్ ఆ పత్రికను గడ్డితో పోల్చాడని విని అమ్మాయి ఆశ్చర్యపోయింది. లూథర్ మీద ఎంత గౌరవమున్నా యాకోబును నేను వదులుకోను.

మా అమ్మాయి స్నేహితురాలు కేథలిక్. రక్షణ కృపవల్లేనని, ఆ కృపే మనల్ని సత్‌క్రియలకు పిలుస్తుందని 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కేథలిక్కులు కలిసి సంతకాలు చేశారు. ఈ విషయంలో ఆ పిల్లలిద్దరూ వాదించుకోనక్కర్లేదు.

నా టెన్షన్ అంతా మా చిన్నోడి గురించి. నాలుగో తరగతి. ఇక్కడ 1 అంటే అన్నిటికంటే మంచి మార్కు. మూడు సబ్జెక్టుల సగటు 2.33 దాటితే జిమ్నాసియంలోకి, అంటే యూనివర్సిటీ చదువుకు దారితీసే హైస్కూల్లోకి, నేరుగా తీసుకోరు. దేశం కాని దేశంలో నిలదొక్కుకోవాలని మనమూ పొద్దస్తమానం చదువు చదువు అంటాం. కష్టపడితేనే ఏదైనా దక్కుతుందని అన్ని వైపుల నుంచీ వినే పిల్లాడికి కృప అంటే ఎలా ఎక్కుతుంది? మొన్న కుటుంబ ప్రార్థన అయ్యాక వాడు, "మంచి మార్కులొస్తేనే యేసయ్యకు నేనంటే ఇష్టమా?" అన్నాడు. దగ్గరికి తీసుకుని, కాదని గట్టిగా చెప్పాను.

మే మొదట్లో ఆ సగటు చూపించే సర్టిఫికెట్ వస్తుంది. ఆ రోజు దాన్ని తెరవకముందే వాడికిష్టమైన బిర్యానీ పెడతానని మాటిచ్చాను. ఈలోపు లెక్కలు మాత్రం రోజూ చేయాల్సిందే.