వాయిద్యాలు వద్దన్నాను

పన్నెండున్నర అయింది. నిద్ర పట్టట్లేదు. సాయంత్రం తమ్ముడితో ఫోన్లో అయిన గొడవ ఇంకా చెవుల్లోనే ఉంది. మా ఆయన "పొద్దున మాట్లాడుకోండి, అక్కాతమ్ముళ్లేగా" అని అటు తిరిగి పడుకున్నారు.

వచ్చే శనివారానికి నాన్న పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూటానికి వాడు కీబోర్డు, డ్రమ్ ప్యాడ్స్, నాలుగు సౌండ్ బాక్సులు మాట్లాడేశాడు. ఐదు వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే వద్దంటానని వాడికి తెలుసు.

నిరుడు ఆదరణ కూడికలో జరిగింది నేను మర్చిపోలేదు. ఇంటి ముందు చిన్న షామియానా, దానికి రెండు వైపులా మనిషెత్తు బాక్సులు. మైకుకి ఎకో. అయ్యగారు "యెహోవా నా కాపరి" అంటే కాపరి, కాపరి, కాపరి అంటూ వీధి చివరిదాకా పోయింది. ప్యాడ్స్ అబ్బాయి ప్రతి చరణం ముందూ ఒక దరువు వేశాడు. అమ్మ మొదటి వరసలో కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. భుజానికి భుజం తగిలేంత దగ్గర్లో ఉన్నాను, అయినా ఒక్క ముక్క వినపడలేదు. నలభై మూడేళ్లు గుడిలో నాన్నతో కలిసి పాడిన మనిషి. ఆయన కోసం పాడిన రోజున ఆమె గొంతు పక్కనున్న కూతురికి కూడా అందలేదు. ఆ కోపం ఏడాదిగా నాలోనే ఉంది. కూడిక అయ్యాక జనరేటర్ దగ్గర నిలబడి "సౌండ్ సరిపోయిందా అక్కా?" అని అడిగాడు వాడు. ఆ రోజు ఏమీ అనలేదు. ఇవాళ అన్నాను, అనకూడనంత అన్నాను.

నాకు నాయనమ్మ పోయిన రాత్రి గుర్తొస్తుంది. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. వాన. నడింట్లో ఐస్ బాక్స్, దాని రొద. ఎవరు మాట్లాడినా ఆ రొద మీద మాట్లాడాల్సి వచ్చేది. రెండు గంటలప్పుడు కరెంటు పోయింది. బాక్స్ ఆగిపోయింది. ఒక్కసారిగా ఇల్లంతా ఎంత నిశ్శబ్దమైందంటే, చూరు నుంచి పడే చుక్కలు లెక్కపెట్టొచ్చు. చీకట్లో మగవాళ్లు జనరేటర్ కోసం పరుగెత్తారు. గోడకి ఆనుకుని కూర్చున్న నలుగురైదుగురు ఆడవాళ్లలో ఎవరో పాట ఎత్తుకున్నారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నూట ఇరవై ఒకటో కీర్తన. మిగతావాళ్లు అందుకున్నారు. టీచరు పెద్దమ్మ మాత్రం వాళ్ల వరసలో పాడలేదు, కొంచెం కింద వేరే దారిలో నడిచింది. చిన్నప్పుడు బోర్డింగ్ స్కూల్లో పార్ట్స్ నేర్చుకుంది, అంటే ఒకే పాటని వేర్వేరు స్వరాల్లో కలిపి పాడటం. ఆమెది ఆల్టో, ఆడవాళ్లలో కింది గొంతు. ఆ రెండో గొంతు చేరగానే పాటకి నేల దొరికినట్టయింది.

నాన్న గుమ్మంలో నిలబడి పాడుతున్నారు. "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును" దగ్గర ఆయన గొంతు తెగిపోయింది. పాట ఆగలేదు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. ఆడవాళ్లు ఆ వరస మోసుకుంటూ పోయారు, ఆయన తర్వాతి వరసలో వచ్చి కలిశారు. మళ్లీ తెగింది. మళ్లీ కలిశారు. జనరేటర్ వచ్చేదాకా పాడారు.

హెర్బర్ట్ హోవెల్స్ రాసిన రెక్వియం ఒకటుంది, రెక్వియం అంటే చనిపోయినవాళ్ల కోసం పాడే సంగీతం. ఈ ఏడాదంతా రాత్రిళ్లు అదే విన్నాను. ఇంగ్లండు సంగీతకారుడు, వాయిద్యాల తోడు లేకుండా గొంతులకే రాసిన రచన. అకపెల్లా అంటారు. ఇరవై నిమిషాలు ఉంటుంది. అందులో ఇరవై మూడో కీర్తనా ఉంది, మా నూట ఇరవై ఒకటీ ఉంది. మొదటిసారి విన్నప్పుడు నేను నాయనమ్మ ఇంటి గుమ్మం దగ్గరికే వెళ్లిపోయాను. బృందగానంలో పెద్ద వాక్యం వచ్చినప్పుడు అందరూ ఒకేచోట ఊపిరి తీసుకోరట. ఒకరు తీసుకుంటుంటే పక్కవాళ్లు పట్టుకుని ఉంటారు. అందుకే ఆ ధ్వని ఎక్కడా తెగదు, మనుషులు పాడుతున్నట్టే ఉండదు. కానీ పాడేది మనుషులే. ఆ రాత్రి పెద్దమ్మావాళ్లు చేసింది కూడా ఇదే.

దీన్నే తీసుకెళ్లి సాయంత్రం తమ్ముడి మీద పెట్టాను. "ఒరేయ్, తొమ్మిదేళ్ల కొడుకు పోలియోతో పోతే ఆ తండ్రి ఒక్క వాయిద్యం కూడా పెట్టకుండా రాశాడు. దుఃఖం అలా ఉంటుంది. నీ ప్యాడ్స్‌లా ఉండదు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక అది రాసిన సంవత్సరం సరిగ్గా రాసుకుందామని వెతికాను. రెక్వియం రాసింది 1932లో. కొడుకు మైకేల్ చనిపోయింది 1935లో. కొడుకు పోయాకే రాశాడని చాలాకాలం చాలామంది అనుకున్నారట, నేనూ అలాగే అనుకున్నాను. రాసి పక్కన పెట్టేశాడు. అది అచ్చయింది 1981లో, ఆయన పోవడానికి రెండేళ్ల ముందు.

కొడుకు పోయాక 1938లో రాసింది వేరే ఉంది, "హిమ్నస్ పారడైసీ". ఈ రెక్వియం లోంచే చాలా తీసుకున్నాడు, ఆ రెండు కీర్తనలు అందులోనూ ఉన్నాయి. కానీ అది నిండు ఆర్కెస్ట్రాకి. విడిగా పాడే గాయకులు, పెద్ద బృందం, తీగ వాయిద్యాలు, ఇత్తడి వాయిద్యాలు, అన్నీ. దాన్ని కూడా పన్నెండేళ్లు ఎవరికీ వినిపించలేదు. 1950లో గ్లౌస్టర్‌లో మొదటిసారి పాడారు.

అంటే దుఃఖం నిజంగా ఇంటికొచ్చినప్పుడు ఆయనకి ఒట్టి గొంతులు చాలలేదు. వాయిద్యాలు కావాల్సొచ్చాయి.

ఇది చదివాక తమ్ముడు అన్న మాట మళ్లీ వినపడింది. సాయంత్రం వాడు అన్నప్పుడు నేను నా మాట పూర్తిచేసే తొందరలో ఉన్నాను. "నువ్వు పాడగలవక్కా. నేను పాడలేను. సౌండ్ గట్టిగా ఉంటే నేను ఏడ్చినా ఎవరికీ వినపడదు" అన్నాడు.

నిరుడు వాడు ఏడవడం నేను చూడలేదు. పెట్టె తేవడం, సమాధుల తోటలో గొయ్యి దగ్గర నిలబడటం, భోజనాలు, అయ్యగారికి కారు, అన్నీ వాడే చూసుకున్నాడు. మూడు రోజులు ఎక్కడా కూర్చోలేదు. కూడికలో బాక్సుల వెనకే ఉన్నాడు. వైర్లు చూసుకుంటున్నాడనుకున్నాను.

అయినా అమ్మ గొంతు నాకు కావాలి. దాన్ని వదులుకోవడం నావల్ల కాదు. ఏడాది గడిచింది కాబట్టి ఈసారి ఇంకా కావాలి.

రాస్తుంటేనే తడుతోంది, అమ్మని మేమిద్దరం ఏమీ అడగలేదు. పొద్దున అడుగుతాను. అడ్వాన్సు ఎలాగూ ఇచ్చాడు, ఉండనీ. చివరి పాట ఒక్కదానికి బాక్సులు ఆపమని తమ్ముణ్ణి బతిమాలుకుంటాను, నూట ఇరవై ఒకటికి. నా పక్కన నిలబడమంటాను. పాడకపోయినా పర్లేదు, తెగిన చోట మేం పాడుతూ ఉంటాం.

ఆ పాటకి టీచరు పెద్దమ్మ ఉండాలి. మోకాళ్లు సహకరించట్లేదట, బస్సు ఎక్కలేదు. శనివారం పొద్దున ఆటో ఎవరు పంపుతారో కనుక్కోవాలి. చేతులున్న కుర్చీ ఒకటి వేయించాలి, అమ్మ పక్కనే.