లాంగ్‌టాంగ్ లోయలో మొదటి మూడు రోజులు

ఖాట్మండు నుంచి, మా నడక మొదలయ్యే స్యాబ్రుబేసికి దూరం సుమారు 120 కిలోమీటర్లే అయినా, ఉదయం ఏడు గంటలకు బయలుదేరిన మా జీపు ఆ ఊరు చేరేసరికి పొద్దుగూకింది. దారిలో ధున్‌చే దగ్గర లాంగ్‌టాంగ్ జాతీయ ఉద్యానవనంలో ప్రవేశానికి మా అనుమతి పత్రాలు పరిశీలించారు. 1976లో ఏర్పడిన ఈ ఉద్యానవనం ఉత్తరాన టిబెట్ సరిహద్దు వరకు వ్యాపించి ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర మా గైడు నా ప్రయాణ ప్రణాళిక కాగితం చూసి, పెన్ను అడిగి తీసుకుని, ఒక వరుస కొట్టివేశాడు. మూడు రోజుల్లో లోయ పైభాగాన ఉన్న క్యాంజిన్ గొంపా గ్రామం చేరాలని నేను రాసుకున్నాను. అతను దాన్ని నాలుగు రోజులు చేశాడు. "రెండో రోజే లాంగ్‌టాంగ్ ఊరి దాకా వద్దు దీదీ, థాంగ్‌శ్యాప్‌లో పడుకుందాం," అన్నాడు హిందీలో. సెలవులు లెక్కపెట్టుకుని వచ్చినదాన్ని కాబట్టి ఒక రోజు పోతోందని మనసులో బాధపడుతూనే సరేనన్నాను.

మొదటి రోజు నడకంతా లాంగ్‌టాంగ్ ఖోలా వెంటే సాగింది. ఖోలా అంటే నేపాలీలో వాగు అని అర్థం గాని, బండరాళ్లను దొర్లించుకుంటూ పోయే ఆ నీటి హోరులో పక్కనున్న మనిషి మాట వినపడాలంటే గొంతు పెంచవలసిందే. నాకంటే ముందు నడిచే గైడు పది అడుగులకొకసారి వెనుదిరిగి "బిస్తారై, బిస్తారై" అనేవాడు. మెల్లగా, మెల్లగా అని. వెనుక నుంచి వెదురు బుట్టలో సరుకులు మోస్తూ, బుట్ట పట్టీ నుదుటికి తగిలించుకుని వచ్చిన కూలీలు మమ్మల్ని దాటిపోయారు. వాళ్ల అడుగులు కూడా పొట్టివే, కాని ఎక్కడా తెగనివి. ఒకచోట నదికి అవతలి రాతిగోడ మీద పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతూ కనిపించాయి. చలికి తేనెటీగలు కింది అడవులకు దిగిపోయాయని, వేసవికి మళ్లీ వస్తాయని గైడు చెప్పాడు. సాయంత్రం సుమారు 2,480 మీటర్ల ఎత్తున ఉన్న లామా హోటల్‌లో ఆగాము. పేరు హోటల్ అయినా అది అడవి మధ్య నాలుగైదు లాడ్జీలున్న మజిలీ.

రెండో రోజు ఘోడా తబేలా దాటగానే అడవి పలచబడి, అప్పటిదాకా ఇరుకుగా ఉన్న లోయ ఒక్కసారిగా విశాలమైంది. కింది భాగంలో నది కోసుకుపోయిన సన్నని లోయ, పైన ఒకప్పటి హిమానీనదం దొలిచిన వెడల్పాటి లోయ; ఆ తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది. సుమారు 3,140 మీటర్ల ఎత్తున ఉన్న థాంగ్‌శ్యాప్ చేరాక కణతల దగ్గర నొప్పి మొదలైంది. ఎండ దెబ్బ అనుకుని ఊరుకోబోయాను. గైడు ఊరుకోలేదు. ఆకలి వేస్తోందా, వాంతి వచ్చేలా ఉందా అని ఒక్కొక్కటీ అడిగాడు. తరువాత లాడ్జి ముంగిట్లో మట్టి మీద కర్రతో గీత గీసి, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలించుకుంటూ దాని మీద నడవమన్నాడు. తూలితే మెదడుకు వాపు వస్తోందేమోనని అనుమానించాలట. అప్పుడు వెంటనే కిందికి దిగడం తప్ప మార్గం లేదు. నేను తూలలేదు. రెండు గ్లాసుల వెల్లుల్లి సూప్ తాగించి, ఆ రోజు ఇంకెక్కడికీ కదలవద్దన్నాడు.

కొట్టివేసిన ఆ వరుస విలువ నాకు అప్పుడు అర్థమైంది. లామా హోటల్ నుంచి లాంగ్‌టాంగ్ గ్రామానికి ఎత్తులో తేడా దాదాపు 950 మీటర్లు. 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని పర్వత వైద్యులు చెబుతారు. లాంగ్‌టాంగ్ ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టం దగ్గర ఉండే దానిలో మూడింట రెండు వంతులే కాబట్టి, ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువూ ఆ మేరకు తగ్గుతుంది. దానికి అలవాటు పడడానికి శరీరానికి రాత్రులే కావాలి. కాళ్ల బలంతో దానికి సంబంధం లేదు. తెల్లారేసరికి నొప్పి పోయింది.

మూడో రోజు నడక తక్కువ. మధ్యాహ్నానికి ముందే దారి ఒక రాళ్ల మైదానంలోకి ప్రవేశించింది. ఆ రాళ్ల కింద పాత లాంగ్‌టాంగ్ గ్రామం ఉంది. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపానికి లాంగ్‌టాంగ్ లిరుంగ్ శిఖరం వాలుల నుంచి మంచు, రాళ్లు విరిగి ఊరి మీద పడ్డాయి. ఊరివాళ్లు, యాత్రికులు కలిపి 200 మందికి పైగా చనిపోయారు. ఆ పతనం పుట్టించిన గాలి వేగానికి నది అవతలి వాలు మీది చెట్లు నేలమట్టమయ్యాయి. కొండ కిందికి ఒదిగి కట్టిన ఒక ఇల్లు మాత్రం నిలిచింది. గైడు అక్కడ బిస్తారై అనలేదు. ఎక్కడా ఆగకుండా, తల పైకెత్తి వాలు వైపు చూస్తూ, ఆ రాళ్లను త్వరగా దాటించాడు.

అవతల కొత్త ఊరు మొదలయ్యే చోట చనిపోయినవారి పేర్లు చెక్కిన స్మారకం ఉంది. బౌద్ధ మంత్రాలు చెక్కిన రాళ్లతో పేర్చిన మణి గోడలను దాటేటప్పుడు చేసినట్లే దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని చుట్టి వచ్చాము. ఒక పేరు దగ్గర గైడు వేలు పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఎవరని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

లాడ్జి నడిపే ఆమె పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ, ఆ రోజు తాను ఖాట్మండులో ఉండడం వల్ల బతికానని, తిరిగి వచ్చి పాత ఇంటి రాళ్లలో దొరికినవే ఏరుకుని ఈ గోడలు కట్టించానని చెప్పింది. నేను ఆనుకుని కూర్చున్న గోడను చేత్తో తడిమి చూశాను. మూలనున్న ఒక రాయి ఒక పక్క నున్నగా అరిగి ఉంది. పాత ఇంట్లో అది గడప అట. ఆమె మా గ్లాసుల్లో మళ్లీ టీ పోసింది.

చీకటి పడేలోగా గైడు నన్ను ముంగిట్లోకి పిలిచి, కర్రతో మళ్లీ గీత గీశాడు. నేను మడమకు వేళ్లు తగిలించుకుంటూ ఆ చివర దాకా నడిచాను. అతను తల ఊపి, కర్ర గోడకు చేరవేసి, వంటింట్లోకి వెళ్లిపోయాడు.