ట్విన్ పీక్స్ ఎల్పీ: దుమ్ము, బెల్టు, చివరి పాట

1990లో వచ్చిన 'ట్విన్ పీక్స్' టీవీ సీరియల్ సౌండ్‌ట్రాక్‌ని ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) మీద వినాలంటే ముందు దుమ్ము సంగతి చూడాలి. ఆంజెలో బదలమెంటి సంగీతంలో స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ ఎక్కువ. వేరే రికార్డుల్లో డ్రమ్ముల హోరులో కలిసిపోయే చిటపటలు ఇక్కడ విడిగా వినబడతాయి. రికార్డు తిరుగుతుండగా కార్బన్ ఫైబర్ బ్రష్‌ని రెండు మూడు చుట్లు ఆనించి, మెల్లగా అంచువైపు లాగేయండి. గట్టిగా రుద్దితే స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పుట్టి మళ్లీ దుమ్మునే లాక్కుంటుంది.

థీమ్‌లో బరువైన గిటార్ స్వరాలు సాగే చోట చెవి పెట్టండి. శ్రుతి అలలా ఊగితే ప్లేయర్‌లో రికార్డును తిప్పే బెల్టు సాగిందనో, రికార్డు మధ్య రంధ్రం పక్కకు పోయిందనో అర్థం. టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చేయి) కూడా అటూ ఇటూ ఊగుతుంటే తప్పు రంధ్రానిదే.

అసలు పరీక్ష చివరి పాట 'ఫాలింగ్'. జూలీ క్రూజ్ గుసగుసలాంటి గొంతు, అదీ రికార్డు మధ్యలోని లేబుల్ పక్కనే! బయటి అంచున సూది కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి జారితే, లోపలికొచ్చేసరికి అది 21 దాకా పడిపోతుంది. అందుకే 'స', 'ష'లు గరగరమంటాయి. సూది గాడి మీద మోపే బరువు తగ్గించడం దీనికి మందు కాదు. తేలిగ్గా ఆనిన సూది గాడిలో ఎగిరి రికార్డును ఇంకా పాడుచేస్తుంది. సూది కంపెనీ ఆ బరువు 1.8 నుంచి 2.2 గ్రాములంటే 2.1 దగ్గర పెట్టండి.